నీలం బూటుకే మన ఓటు

జనవరి 17, సోమవారం

పొద్దున అన్నాల దగ్గరే మామ తేల్చేశాడు. శివరాత్రి వెళ్ళగానే నాయుడుపేట నుంచి ఆయన మేనల్లుడు వస్తాడట. అంగడిలో వాడు కూర్చుంటాడు. నేను ఇంటిపట్టున ఉండాలి.

"అంగట్లో పనిచేసే సుబ్బన్న ఒంట్లో చేతకాక నిలిచిపోయినాడని, మనిషి దొరికేదాకా నిన్ను కూచోమంటిమి. ఎల్లకాలం అంటే ఎట్లమ్మా?"

"బేరం బాగానే నడుస్తా ఉండాది కదా మామా?"

"బేరం సంగతి కాదు. ఇంటి కోడలు ఊళ్ళో వాళ్ళ కాళ్ళు పట్టుకొని చెప్పులు తొడిగేది... ఏమన్నా బాగుండాదా?"

మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. సరుకు కోసమని వారంలో సగం రోజులు మద్రాసులోనే ఉంటాడు. నేను కూర్చుంటేనే నయమని నాతో వందసార్లు అన్నాడు. వాళ్ళ నాయన ముందు మాత్రం ఆ మాట గొంతు దాటదు.

ఉండబట్టలేక అనేశాను — "పై అరలో ఉండే కాన్వాసు బూట్లు కూడా మీ మేనల్లుడే అమ్ముతాడా?" అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ బూట్ల మాట మా ఇంట్లో ఎత్తకూడదు.

మామ నిదానంగా చేయి కడుక్కున్నాడు. "నువ్వే అమ్ము. శివరాత్రిలోపల ఆ అర ఖాళీ చెయ్యి. అప్పుడు సూస్తాము."

సూస్తాము అన్నాడు... కాదు అనలేదు.

జనవరి 18, మంగళవారం

నిచ్చెన వేసుకుని పై అర దుమ్ము దులిపాను. తుమ్ములే తుమ్ములు.

ఎవరో బడివాళ్ళు పిల్లలందరికీ, సార్లకూ టీచర్లకూ కూడా కాన్వాసు బూట్లే అన్నారని మామ స్వయంగా మద్రాసు వెళ్ళి తెచ్చిన సరుకు ఇది. తెల్లవి డ్రిల్లుకు, నీలంవి మామూలు రోజులకు. అవి దిగేసరికి బడివాళ్ళు నల్ల తోలు బూట్లకు మారిపోయారు. మా అంగట్లో తోలు పెట్టరు. రబ్బరు, గుడ్డ, అంతే. మామ వాళ్ళ నాయన నాటి కట్టుబాటు. అప్పటి నుంచి ఆ డబ్బాలు పైన, మేము కింద. మామ పైకి చూడడు.

ఒక నీలం జత బయటికి తీశాను. గుండ్రటి ముక్కు, తెల్ల రబ్బరు అంచు, ఇత్తడి చుట్టు వేసిన కన్నాల్లో తెల్ల లేసు. పుత్తూరు బడిలో మా డ్రిల్లు సారు తొడుక్కునేది అచ్చం ఇదే. అప్పటికీ ఇప్పటికీ ఒక్క కుట్టు మారలేదు. మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తున్నప్పుడు తొడుక్కుని అంగట్లోనే అటూ ఇటూ నడిచాను. చీర కింద నీలం బూట్లు! అద్దంలో చూసుకుని నాకే నవ్వొచ్చింది. కాలికి ఎంత హాయిగా ఉందో.

అంగట్లో నేను కూర్చునే ఈ స్టూలు వదిలి పోవాలని లేదు నాకు. ఉన్నమాట ఇక్కడైనా రాసుకోవాలి కదా.

జనవరి 19, బుధవారం

పెయింటరు మునిరత్నం వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. మొన్న ఎన్నికల్లో తిరుపతి గోడలన్నీ అతనివే. ఏ పార్టీ వాళ్ళు పిలిచినా వెళ్ళి గుర్తు గీశాడు, పొద్దున ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి. ఇప్పుడు రంగు డబ్బాలు ఎండిపోతున్నాయి.

"మళ్ళా ఎలక్షన్లు ఎప్పుడొస్తాయో ఏమో అక్కా. అంతదాకా నేనేం గీయాల?"

"మా బూటును నిలబెడతా. గుర్తు గీస్తావా?"

ఊరికే అన్నాను. అతను నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ అడిగాడు — "ఎదురు ఎవురు నిలబడేది?"

నోట్లోంచి అదే వచ్చింది... తెల్ల బూటు ఒక పక్క, నీలం బూటు ఒక పక్క.

టీ చల్లారిపోయింది, ఇద్దరం పట్టించుకోలేదు. ప్రచారం, మైకు, బ్యాలెట్ పెట్టె, వేలికి చుక్క. నినాదం కూడా అక్కడికక్కడే పుట్టింది — "నాయకులు అయిదేళ్ళకోసారి మీ కాళ్ళు పట్టుకుంటారు. నేను రోజూ పట్టుకుంటా!" మునిరత్నం లేచి నిలబడి మరీ చదివాడు.

జనవరి 20, గురువారం

నియమాలు:

బూటు తొడుక్కుని, అంగడి వాకిలి దాకా నడిచి వచ్చినవాళ్ళకే ఓటు. కొన్నా కొనకపోయినా ఫరవాలేదు. తొడుక్కుంటే చాలు, మిగతాది బూటే చూసుకుంటుంది. ఓటు ఎవరికి వేశారో బయటికి చెప్పకూడదు.

మామను ఎన్నికల అధికారిని చేయాలి. ఇది నా ఎత్తు. అటుపక్క నిలబడి చూస్తే ఆయనకు అంతా తప్పుగానే కనిపిస్తుంది, ఇటుపక్కకు లాక్కోవాలి.

"పెట్టె మీ దగ్గరుంటేనే జనం నమ్ముతారు మామా."

"పిల్లాటలు! కొనకుండానే ఓటంట."

"ఓటుకు దుడ్లు అడగకూడదు కదా మామా."

మామ పంచె సర్దుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం దీపం పెట్టే వేళకు వచ్చి, ఎటో చూస్తూ — "పెట్టెకు సీలు ఎట్లేస్తారు? లక్కతోనా?"

పడ్డాడు!

అత్త ఇంకో పేచీ పెట్టింది. "ఇన్నేండ్లు ఈ ఇంటికి కూడు పెట్టింది హవాయి చెప్పు. దాన్నెందుకు నిలబెట్టరు?" సరే, హవాయి చెప్పు స్వతంత్ర అభ్యర్థి. ఏజెంటు అత్తే.

జనవరి 21, శుక్రవారం

సాయంత్రం అమ్మవారి పల్లకి. ప్రతి శుక్రవారం మా వీధిలోంచే వెళ్తుంది. నాదస్వరం వినపడగానే మామ తెల్ల పంచె తెచ్చి అంగడి ముందర కట్టేస్తాడు, చెప్పులూ బూట్లూ తల్లి కంట పడకుండా. చొక్కా విప్పి, చేతులు జోడించి, ఆ పంచె ముందర నిలబడతాడు. పల్లకి వెళ్ళాక దాన్ని మడత చెదరకుండా మడిచి బీరువాలో పెడతాడు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు.

ఆ నిమిషం మామంటే నాకు కోపం ఉండదు.

జనవరి 24, సోమవారం

నామినేషన్లు. బల్ల మీద ముగ్గురు అభ్యర్థులు. మునిరత్నం రాసిన అట్టలు వెనక. తెల్ల బూటు — "మచ్చలేని నాయకత్వం". నీలం బూటు — "మట్టిలో నడిచే మనిషి". హవాయి చెప్పుకు అత్త చెప్పి రాయించింది — "మొదటి నుంచి మీ వెంటే".

వేలి చుక్కకు ఇంకు దొరకలేదు, బట్టలకు వేసే నీలిమందు కలిపాను. పెట్టె బూటు డబ్బానే, మూతకు చీలిక కోశాను. మామ నాలుగు పక్కలా లక్క వేశాడు. వేలు కాల్చుకుని ఊదుకుంటూ కూడా గంభీరంగానే ఉన్నాడు.

మొదటి ఓటు నర్సు సువార్తమ్మది. ప్రసూతి ఆసుపత్రి నుంచి ఇంటికి పోతూ ఆగింది. దినమంతా నిలబడే ఉద్యోగం, పాదాలు ఉబ్బి ఉన్నాయి. తొడిగి లేసు కట్టాను. వాకిలి దాకా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

"సుబ్బన్న ఉన్నప్పుడు ఈ మెట్టు ఎక్కలేదమ్మా నేను. మగోడు కాలు పట్టుకుంటే ఏమో మాదిరి ఉంటుంది. కొలత సెప్పి ఇంటికి తెప్పించుకుంటే ఒగటి బిగువు, ఒగటి వదులు."

తెల్లది కొనుక్కుంది, ఓటూ తెల్లదానికే అయ్యుంటుంది. ఈ మాట మామ చెవిలో పడిందో లేదో. లక్క ముద్ర గీరుతూ కూర్చున్నాడు.

జనవరి 26, బుధవారం

బళ్ళల్లో జెండా పండగ. పొద్దున్నే పిల్లలు, వాళ్ళ వెనక నాయనలు. తెల్ల బూట్లకు తోపులాట! మునిరత్నం రిక్షాలో మైకు పెట్టుకుని తిరిగాడు — "తల్లులారా, తండ్రులారా, మీ పాదాల దగ్గరే పడి ఉండే అభ్యర్థి..." రిక్షాతో పాటే సైకిళ్ళు, నవ్వులు. ఒక పెద్దాయన నిజంగానే అడిగాడట, ఏ పార్టీ అప్పా ఇది అని.

పై అరలో తెల్ల డబ్బాల వరస సగానికి వచ్చింది. నీలం వరస కదలలేదు. ఓట్లు కూడా తెలుపుకే పడుతున్నాయని నా అనుమానం. నీలం అందరికీ ముద్దే, కొనమంటే మాత్రం తెలుపు.

అయినా సంతోషంగా ఉంది. కాళ్ళు లాగుతున్నాయి, మనసు మటుకు గంతులేస్తోంది.

జనవరి 28, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టను...

నీలం వెనకబడిందని మునిరత్నం పెద్ద బూటు చేసుకొచ్చాడు. వెదురు బద్దలు, గుడ్డ, అట్ట. రిక్షా పట్టనంత నీలం బూటు. అభ్యర్థిని ఊరేగించేటప్పుడు దండ వేయడం అతనికి అలవాటు. మూరలకు మూరలు చామంతి దండ తెచ్చి బూటు మెడకు వేశాడు. నేను చప్పట్లు కొట్టాను. ఇద్దరికీ ఏమీ తట్టలేదు.

పల్లకి వేళకు ముందే వచ్చేయమని చెప్పి పంపాను. దోవలో పిల్లలు అడ్డం పడి రిక్షాను కదలనివ్వలేదట. అది మా వీధి మలుపు తిరిగేసరికి ఆ చివర నాదస్వరం.

మామ అప్పటికే అంగడికి పంచె కట్టేసి, చొక్కా విప్పి నిలబడి ఉన్నాడు. తిరిగి చూస్తే ఏముంది — వీధి నడుమ, దండ వేసుకుని, పల్లకికి ఎదురుగా మా బూటు. రిక్షా వెనక్కి పోదామంటే జనం, పక్కకు తిప్పుదామంటే కాలవ. కప్పడానికని ఉంచుకున్నది ఒకటే పంచె. మామ అంగడికి కట్టినదాన్ని ఒక్క గుంజు గుంజి ఊడబీకి, పరిగెత్తి, పెద్ద బూటు మీద కప్పేశాడు. ఆయన పరిగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇక్కడ అంగడి బట్టబయలు. అత్త, నేను, ఇద్దరం చెప్పుల వరసల ముందు కొంగులు పరిచి గోడలాగ నిలబడిపోయాం. పల్లకి వెళ్ళేదాకా ఊపిరి తీయలేదు. అత్త గొణుగుతూనే ఉంది — "తల్లీ, ఇటు సూడొద్దు, ఇటు సూడొద్దు."

పల్లకి దాటింది. గుంపులోంచి ఎవరో — "ఏమప్పా, మీ కేండిడేటు ముసుగేసుకున్నాడే!" వీధి వీధంతా నవ్వింది.

మామ నవ్వలేదు. పంచె తీశాడు. అప్పుడు దగ్గర నుంచి చూశాడు, దండలో ఉన్నవి చామంతులు. నా వైపు తిరిగి చాలా మెల్లగా అన్నాడు — "ఆ తల్లికి ఏసే పూలమ్మా ఇవి. బూటుకు ఏస్తారా?"

తిట్టి ఉంటే బాగుండేది.

జనవరి 29, శనివారం

ఓట్ల పెట్టె మామ మంచం కిందికి వెళ్ళిపోయింది. మేనల్లుణ్ణి ముందుగానే రమ్మంటాడేమో.

జనవరి 30, ఆదివారం

ఉదయమే మంగమ్మ పోట్లాటకు వచ్చింది. వడమాలపేట నుంచి తొలి బస్సులో పూలబుట్టతో దిగి మా వీధి మొదట్లో కూర్చునే మంగమ్మ. పల్లకికి పూలు ఆమెవే. మునిరత్నం చామంతులు కొన్నదీ ఆమె దగ్గరే.

"నా పూలు బూటుకేస్తిరంటనే! తెల్లారిందగ్గర్నుంచి ఆ పూలోడూ ఈ పూలోడూ నన్ను ఒకటే ఎగతాళి."

తప్పే మంగమ్మా అన్నాను. దాచుకునేది ఏముంది? అత్త మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సగం లోటా తాగేసరికి కోపం కూడా సగమైంది. బల్ల మీది అభ్యర్థులను చూసింది, అట్టల మీద ఏం రాసుందో అడిగి చదివించుకుంది, కిసుక్కున నవ్వింది.

"మరి ఎలక్షన్లో నిలబడినోడికి దండ లేకుంటే ఎట్ల? మెడ బోసిగా ఉండాదే." మేకుకు వేలాడుతున్న తెల్ల లేసుల కట్ట లాక్కుంది. "పూలైతేనే కదా తప్పు?"

ఆమె వేళ్ళు నేను చూస్తూ ఉండగానే కట్టేశాయి. పూలు కట్టినట్టే, ముడి పక్కన ముడి, లేసు కొసలు రేకుల్లాగ బయటికి. దండ! నీలం బూటు మీద తెల్ల లేసుల దండ. నేనూ అత్తా నోళ్ళు తెరుచుకుని చూశాం.

"అట్లనే నాకూ ఒకటి తొడుగు సూద్దాం. మగోళ్ళు లేరు కదా ఈడ?" అని స్టూలు మీద కూర్చుని, మళ్ళీ కాలు వెనక్కి లాక్కుంది. "వద్దులేమ్మా. మట్టి కాళ్ళు. ఇంటి కోడలివి, నువ్వు ముట్టుకుంటావా?"

ముట్టుకున్నాను. మడమంతా పగుళ్ళు, గులాబీ తోటలో ముళ్ళు దిగిన మచ్చలు. నీలం జత తొడిగి లేసు బిగించాను. వాకిలి దాకా నడిచింది, అక్కడే నిలబడి కాళ్ళ వంక చూసుకుంది.

"తెల్లదైతే ఒక్క పూటకే మట్టి కొట్టుకుపోతాది. ఇదైతే తోటలోకీ బాగుండాది, బస్సుకూ బాగుండాది. ముల్లు ఎట్ల దిగుతాదో సూస్తా!" ఓటు ఏదీ అంది. పెట్టె లేదే మరి...

వెనక్కి తిరిగితే నడవ వాకిట్లో మామ. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. లోపలికి వెళ్ళాడు. పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. లేసుల దండను రెండు వేళ్ళతో ఎత్తి చూసి మళ్ళీ బూటు మీద వేశాడు.

నాకు ఏడుపొచ్చింది. సంతోషానికే.

ఫిబ్రవరి 2, బుధవారం

తొలి బస్సులో మంగమ్మతో పాటు ఇంకో నలుగురు పూలవాళ్ళు. అందరికీ నీలమే! అంగట్లో కనకాంబరాల వాసన. ఒకామె వేలి చుక్క చూసుకుని మురిసిపోతోంది — మొన్న నిజం ఎన్నికల్లో జ్వరం వచ్చి ఓటు వేయలేకపోయిందట.

ఫిబ్రవరి 4, శుక్రవారం

మామ కొత్తగా ఇంకో తెల్ల పంచె కొనుక్కొచ్చాడు. ఒకటి అంగడికి, ఒకటి అంగడి పక్కన నిలిపిన పెద్ద బూటుకు. పల్లకి రావడానికి చాలాముందే తానే కప్పాడు, గాలికి ఎగరకుండా మూలలు కట్టాడు. నేను పక్కన నిలబడి ఉంటే — "ఆ కొస పట్టుకో" అన్నాడు.

పంచె కొస నా చేతికి ఇచ్చాడు. ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 7, సోమవారం

సువార్తమ్మ తన జట్టునంతా పిలుచుకొచ్చింది. నర్సులు, ఆయాలు. డ్యూటీకి తెల్లవి, ఇంటికి నీలంవి అని వాళ్ళలో వాళ్ళే తీర్పు చెప్పుకున్నారు. తెల్ల డబ్బాలు అయిపోయాయి. స్టూలు చాలక మెట్ల మీద కూర్చోబెట్టి తొడిగాను. సందు సందులోనూ ఆడవాళ్ళే. మామ లోపలికి రావడానికి దారిలేక వీధిలోనే గొడుగు పట్టుకుని నిలబడ్డాడు పాపం.

మా ఆయన మద్రాసు నుంచి దిగి ఈ గుంపు చూసి కంగారుపడ్డాడు — "ఎవురికేమయింది?"

రాత్రి భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు. "నాయనా, నిర్మల కూచుంటే..." అన్నాడు. మామ తల ఎత్తి చూశాడు. "...పప్పు బాగుండాది" అని ముగించాడు. నేనూ అత్తా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూస్తే నవ్వు ఆగదు.

అయినా నోరు తెరిచాడు మనిషి. అంతవరకు మెచ్చుకోవాలి.

ఫిబ్రవరి 10, గురువారం

ఓట్ల లెక్కింపు. అంగడి ముందర కుర్చీలు. మంగమ్మ నీలానికి ఏజెంటు, సువార్తమ్మ తెలుపుకు, అత్త హవాయికి. మామ కళ్ళజోడు తుడుచుకుని, ముద్ర పగలకుండా ఉందని అందరికీ చూపించి, అప్పుడు లక్క పగలగొట్టాడు. చీటీ చీటీ విప్పి ఏజెంట్ల కళ్ళ ముందు పెట్టాడు. ఒక చీటీలో ఎవరో నీలానికీ తెలుపుకూ రెండింటికీ గీత పెట్టారు.

"ఇది సెల్లదు."

"రెండూ బాగుండాయని ఏసింటారు పెద్దాయనా, పోనీ" అన్నాడు మునిరత్నం.

"సెల్లదంటే సెల్లదు."

నీలం గెలిచింది. మామ లేచి నిలబడి ప్రకటించాడు, రేడియోలో వార్తలు చదివినట్టు. మునిరత్నం ఈల వేశాడు. మంగమ్మ లేసుల దండను ఎత్తి గాల్లో తిప్పింది. హవాయి చెప్పుకు డిపాజిటు దక్కలేదు. అత్త మటుకు తొణకలేదు — "ఓడినా రేపు పొద్దున అందరూ తొడుక్కునేది దాన్నే."

అందరూ వెళ్ళాక నిచ్చెన వేసి చూశాను. అర ఖాళీ కాలేదు. మూలకు రెండు నీలం డబ్బాలు మిగిలాయి. మగవాళ్ళ పెద్ద సైజు. ఆడవాళ్ళ కాళ్ళకు పట్టవు, మగవాళ్ళు నీలం అడగలేదు.

రెండే రెండు... మామ ఖాళీ చెయ్యమన్నాడు. ఖాళీ అంటే ఖాళీనే. చెల్లదంటే చెల్లదు.

ఫిబ్రవరి 12, శనివారం

శివరాత్రి అయిపోయింది. ఉపవాసం వల్ల తలనొప్పి. అర గురించి మామ అడగలేదు, నేను చెప్పలేదు. నాయుడుపేట మేనల్లుడు సోమవారం పదకొండు గంటల బస్సుకు వస్తున్నాడని అత్త చెప్పింది. వంట ఏం చేయాలో అడిగింది.

ఫిబ్రవరి 13, ఆదివారం

అంగడి తుడిచాను. అద్దం తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను.

ఒకవేళ రేపటి నుంచి ఇంట్లోనే అంటే — ఈ నెల రోజులైతే నావి. ఇంత నవ్వు మా అంగట్లో ఎప్పుడూ వినపడలేదు. అది నిజం. స్టూలు కావాలన్నదీ నిజమే. ఆ నవ్వు ఈ కోరికను చల్లార్చడం లేదు.

ఫిబ్రవరి 14, సోమవారం

ఉదయం అంగడి తెరిచి ఊదొత్తి వెలిగిస్తున్నాను. మామ వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే గల్లా దగ్గరికి వెళ్ళలేదు. బేరానికి వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. పంచె కాస్త పైకి లాగి కాలు ముందుకు చాపాడు.

నాకు అర్థం కాలేదు. దండం పెట్టించుకోవడానికా అనుకున్నాను.

"ఏ నంబరో సూడమ్మా" అన్నాడు.

చిన్నప్పటి నుంచి చెప్పుల మధ్యే బతికిన మనిషి. ఊరి కాళ్ళన్నిటి కొలతలు తెలుసు. తన కాలి నంబరు తెలియదు. ఎప్పుడూ ఉత్త కాళ్ళే, ఎండాకాలం మాత్రం హవాయి. కొలబద్ద మీద పాదం పెట్టించాను. ఎడమ పాదం కాస్త పెద్దది. చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది. ఎన్నిసార్లు ఈ కాళ్ళకు మొక్కానో, ఒక్కసారీ చూడలేదు.

నిచ్చెన ఎక్కి పెద్ద సైజు డబ్బా తెచ్చాను. సరిగ్గా పట్టింది.

"లేసు కట్టేది నాకు రాదు."

కట్టాను. ముడి రెండుసార్లు జారింది. ఆయన తొందరపెట్టలేదు. లేచి వాకిలి దాకా నడిచాడు, నీళ్ళల్లో అడుగు వేసినట్టు చూసి చూసి. తిరిగి వచ్చాడు. చూపుడు వేలు చాపాడు.

"తొడుక్కొని నడిచినోళ్ళకు ఓటుండాది కదా? అధికారినని ఇన్ని దినాలు ఓటెయ్యలేదు. సుక్క పెట్టు."

నీలిమందు అడుగున కొంచెం ఉంది. నీళ్ళు చిలకరించి చుక్క పెట్టాను. చీటీ ఇవ్వబోతే వద్దన్నాడు. "నిన్ననే ఏసేసినాను, మనసులో."

"ఎవరికి మామా?" అడిగేశాను. నోరు ఆగదు కదా నాది. నేను అడిగింది బూట్ల సంగతి కాదని ఆయనకూ తెలుసు.

"ఓటు బయటికి సెప్పకూడదమ్మా. నీ నియమమే కదా."

గొడుగు తీసుకున్నాడు. రెండు మెట్లు దిగి మళ్ళీ ఎక్కాడు. "ఆ ఇంకో డబ్బా ఉండాదే, అదీ ఇటియ్యి. వాడి కాలూ నా అంతే ఉంటాది." మిగిలిన ఆ ఒక్క డబ్బాను చంకలో పెట్టుకుని బస్టాండుకు బయలుదేరాడు. తెల్ల పంచె కింద నీలం బూట్లు. వీధి మొదట్లో మంగమ్మ లేచి నిలబడి మరీ దండం పెట్టింది. మామ తల ఊపాడు, గెలిచిన నాయకుడిలాగే.

మేనల్లుణ్ణి ఇక్కడికి పిలుచుకొస్తాడో, బూట్లు చేతిలో పెట్టి ఆ బస్సుకే వెనక్కి పంపిస్తాడో... చెప్పలేదు.

తల ఎత్తి చూశాను. పై అర ఖాళీ. ఆఖరి డబ్బాలు మామే ఖాళీ చేసేశాడు.

గంట పదకొండు దాటింది. నా స్టూలు మీద కూర్చునే రాస్తున్నాను. ఎవరో మెట్లు ఎక్కుతున్నారు.